పెందుర్తి మడిలో మీసాల పరిగె

విశాఖపట్నం పోయొచ్చానంటే అందరూ సముద్రం గురించే అడుగుతున్నారు. చూశాను, బాగుంది, నీళ్ళు చాలా ఉన్నాయి. కానీ నేను అనంతపురం నుంచి అంత దూరం పోయింది ఒక చిన్న చేప కోసం. చూపుడు వేలంత కూడా ఉండదది. పైగా సముద్రంలో బతకదు, వరి మళ్ళలోనూ కుంటల్లోనూ ఉంటుంది. "నీళ్ళు లేని ఊర్లో పుట్టినోనికి ఈ చేపల పిచ్చేందబ్బా" అని మా ఇంటామె బ్యాగు సర్దుతూనే సణిగింది. ఆమెకు నేను అసలు సంగతి చెప్పలేదు. మీకు చెబుతాను.

నా పేరు ఓబులేసు. ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ ల్యాబ్‌కు అటెండర్ని. సీసాలు తుడవడం, ఫార్మలిన్ తగ్గితే పోయడం, పిల్లలు కోసి పారేసిన కప్పల్ని ఎత్తడం నా పని. ముప్ఫై ఏళ్ళుగా ఇదే. వచ్చే నెలాఖరుకు రిటైర్మెంటు. మా ల్యాబ్‌లో కిటికీ పక్క బీరువాలో, రెండో అరలో, చిన్న చేప ఉన్న సీసా ఒకటి ఉండేది. దాని మీద 'ఈసోమస్ డాన్రికస్, పెందుర్తి, విశాఖపట్నం, సేకరణ: పి. సుగుణ' అని నల్ల ఇంకుతో రాసిన చీటీ. సుగుణ మేడం మా కాలేజీలో ఇరవై ఏళ్ళు పాఠం చెప్పి, రిటైరయ్యాక తన ఊరి వైపు, దువ్వాడకు వెళ్ళిపోయారు. పదో తరగతి తప్పి ఉద్యోగంలో చేరిన నాకు ఆ లాటిన్ పేర్లు కూడబలుక్కుని చదవడం నేర్పింది ఆవిడే. "ఈసోమస్ ఇంటిపేరు, డాన్రికస్ సొంత పేరు అనుకో ఓబులేసూ. ఆ ఇంటిపేరు వాళ్ళు మన దేశంలో కొందరున్నారు, శ్రీలంకలో, బర్మాలో, సయాం వైపు కూడా ఉన్నారు. ఎక్కడున్నా అందరికీ మీసాలు పొడుగు, అందరూ ఎగురుతారు" అనేవారు.

ఆ సీసాను పోయిన డిసెంబరులో నేను పగలగొట్టాను. తుడుస్తుంటే చేతిలోంచి జారింది. చేప అంత పాతది కదా, గాజు పెంకుల మధ్య పిండి పిండి అయిపోయింది. చీటీ ఒక్కటే మిగిలితే ఆరబెట్టి డైరీలో పెట్టుకున్నాను. జనవరి ఒకటిన మేడం ఫోన్ చేశారు, ప్రతి ఏడూ చేస్తారు. ప్రతి ఏడూ అడిగినట్టే "నా ఈసోమస్ ఎలా ఉంది?" అని అడిగారు. "బాగుంది మేడం" అన్నాను.

ఇప్పుడావిడ నా రిటైర్మెంటు సభకు వస్తున్నారు. వస్తే నేరుగా ఆ బీరువా దగ్గరికే పోతారు. అందుకని నా పథకం ఇది. పెందుర్తి పోవాలి, అదే రకం చేపను పట్టాలి, కొత్త సీసాలో పెట్టి పాత చీటీ అంటించాలి. ఎవరికీ తెలియదు. మొత్తం నాలుగు రోజుల సెలవు.

దువ్వాడలో మొహం చాటేసి

మా రైలు విశాఖపట్నం చేరకముందు దువ్వాడలో ఆగింది. పొద్దున ఏడయింది. ఫ్లాస్కు పట్టుకుని ఒకాయన "టీ, టీ" అని తిరుగుతున్నాడు. నాకు టీ కావాలి, కిటికీ పక్కనే ఉన్నాను, అయినా గోడ వైపు తిరిగి పడుకున్నాను. మేడం ఇల్లు స్టేషన్‌కు కిలోమీటరు కూడా ఉండదు. ఆ టైంలో ఆవిడ ప్లాట్‌ఫారం మీద ఎందుకుంటారు? అది నాకూ తెలుసు. తప్పు చేసినవాడికి అన్ని మొహాలూ ఒకేలా కనిపిస్తాయనుకుంటాను. రైలు కదిలేదాకా దుప్పటి తియ్యలేదు.

విశాఖలో దిగి ముందు కడుపు చూసుకున్నాను. బస్టాండు దగ్గర తోపుడు బండి మీద పెద్ద కుండ, దానికి గుడ్డ. "ఏందిది?" అంటే "చోడి అంబలి" అంది బండి ఆమె. చోళ్ళంటే ఏవో కొత్త ధాన్యం అనుకుని ఇరవై ఇచ్చి గ్లాసు తాగాను. తీరా చూస్తే మా రాగులు. మేం ముద్ద చేసి చెనిక్కాయల పచ్చడితో తినేదాన్ని వీళ్ళు మజ్జిగ కలిపి, ఉల్లిపాయ ముక్కలు వేసి తాగుతున్నారు. "మా ఊర్లో దీన్ని తింటాం తల్లీ" అంటే, "పళ్ళున్నోళ్ళు తింతారు, పనున్నోళ్ళు తాగుతారు" అంది. ఇంకో గ్లాసు తాగాను.

జాలరిపేటలో అడగకూడని ప్రశ్న

నేను చేసిన మొదటి తెలివితక్కువ పని, చేప కావాలంటే చేపలు పట్టేవాళ్ళనే అడగాలి కదా అని జాలరిపేట పోవడం. అనంతపురం వాడి లెక్క అంతే మరి. మాకు చేప అంటే ఒకటే జాతి, చేపలవాళ్ళంటే ఒకటే మనుషులు.

ఇసుక మీద నాటు పడవలు వరసగా ఎక్కించి ఉన్నాయి. దూరంగా సముద్రంలో పెద్ద ఓడలు పోర్టులోకి పిలుపు కోసం మా ఆర్డీవో ఆఫీసు ముందు జనంలా ఓపిగ్గా నిలబడి ఉన్నాయి. ఆడవాళ్ళు తట్టలు ముందు పెట్టుకుని అమ్ముతున్నారు. కవ్వళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు, ఒక్కో తట్ట దగ్గరా ఒక్కో గొంతు. అందరికంటే పెద్ద గొంతు ఉన్నామె దగ్గరికి పోయి ఫోన్‌లో బొమ్మ చూపించాను. ఆమె పేరు పోలమ్మ. అరవై ఉంటాయి, ముక్కుకు రెండు వైపులా పుడకలు.

"ఏటి బాబూ ఇది?" అంది ఫోన్‌ను దూరంగా పట్టుకుని.

"చేపేనమ్మా. మళ్ళల్లో ఉంటాది. చిన్నది."

పోలమ్మ ఫోన్ పక్కనామెకు ఇచ్చింది, ఆమె ఇంకో ఆమెకు. నవ్వు తట్ట నుంచి తట్టకు పోయింది. "మడిసేప అడుగుతన్నాడే, మన దగ్గరకొచ్చి" అని ఎవరో అరిచారు. అర్థమయ్యాక నాకూ నవ్వొచ్చింది. ఇక్కడ సముద్రం మీద బతికేవాళ్ళు మంచినీటి చేపను చేప కిందే లెక్కెయ్యరట. బురద వాసనంటారు, ఉప్పు లేని దానికి రుచేమిటంటారు. పెళ్ళిచూపులకొచ్చిన వాళ్ళకు చెరువు చేప వండి పెడితే సంబంధం తప్పిపోతుందని ఒకామె చెప్పింది. నిజమో నన్ను ఆటపట్టించడమో తెలియదు.

నవ్వడం అయ్యాక పోలమ్మకు జాలేసినట్టుంది. "ఎంత దూరం నుండొచ్చావ్ బాబూ?" అంది. చెప్పాను. "ఈ పురుగు కోసమా? ఇనుకో. పెందుర్తి నుండి నాయుడొకడు వారం వారం ఎండుసేపలు కొనుక్కెల్తాడు నా దగ్గర. అప్పలనాయుడు. ఆడికి ఇంకా మడి ఉంది. నాను సెప్పానని సెప్పు." తన ఫోన్ నా చేతికిచ్చి నంబరు నన్నే వెతుక్కోమంది. ఊరికే వెళ్ళిపోవడం బాగుండదని నెత్తళ్ళు అరకిలో కొన్నాను. లాడ్జిలో వాటిని ఏం చేసుకోవాలో తోచక మేనేజరుకు ఇచ్చేశాను. దానివల్ల రెండు రోజుల తర్వాత నాకు మేలే జరిగింది, చెబుతాను.

సాయంత్రం బీచిలో మురీ మిక్చర్ తిన్నాను. మా బొరుగులే, నిమ్మకాయ పిండుడు ఎక్కువ.

పెందుర్తి: వాన కోసం పాతిన కుండ

పెందుర్తిలో బస్సు దిగితే మడి ఎక్కడా కనబడలేదు. ఎటు చూసినా అపార్టుమెంట్లు, లేఅవుట్ల రాళ్ళు, 'ఫ్లాట్లు అమ్మబడును' అన్న బోర్డులు. అప్పలనాయుడు బండి మీద వచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. నా వయసే, పొట్టిగా, మెడలో తువ్వాలు. పరిచయమైన రెండో నిమిషానికే నన్ను బావను చేసేశాడు. మా వైపు బావ అనిపించుకోవాలంటే పిల్లనివ్వాలి, ఇక్కడ లిఫ్టు అడిగితే చాలు.

రెండు కాలనీల మధ్య ఆయన మళ్ళు నాలుగున్నాయి, మెట్లలా ఒకదాని కింద ఒకటి. మేడల నీడ సాయంత్రం నాలుగుకే వాటి మీద పడుతుందట. ఫోన్ చూడగానే గుర్తుపట్టాడు.

"మీసాల పరిగె. దీనికా ఇంత దూరం వచ్చావు? మా ఇంటిది పులుసెడతాది."

"ఒకటి దొరికితే చాలప్పా."

"ఒకటేటి బావా, వాన పడాల గానీ కుండెడు."

పట్టే విధానం చూస్తే నాకు మతిపోయింది. వల లేదు, గాలం లేదు. వాన పడితే పై మడి నిండి, గట్టుకు కొట్టిన కోతలోంచి నీళ్ళు కింది మడిలోకి దూకుతాయి. ఆ చప్పుడుకు కింది మడిలో పరిగెలన్నీ వచ్చి, ఎదురెక్కి పైకి పోదామని ఎగురుతాయి. అప్పలనాయుడు చేసేదల్లా కోత పక్కన గట్టులో ఒక మట్టికుండను మూతి దాకా పాతడం. గురి తప్పిన చేప కుండలో పడుతుంది. "మనం పట్టం బావా, అవే వత్తాయి" అన్నాడు.

కుండ పాతి, వాన కోసం కూర్చున్నాం. పొద్దంతా మబ్బే గానీ చినుకు లేదు. మా ఊళ్ళో వాన కోసం కూర్చోవడం నాకు అలవాటే కాబట్టి పెద్దగా విసుగనిపించలేదు. మధ్యాహ్నం వాళ్ళింట్లో భోజనం. అప్పలనాయుడి భార్య సత్యవతమ్మ ముందురోజు దొరికిన పరిగెలు మామిడికాయ వేసి పులుసు పెట్టింది. కంచంలో చూస్తే అవన్నీ నా సీసాలో చేపలే, ఒక గరిటెకు పది పన్నెండు. ముప్ఫై ఏళ్ళు నేను దుమ్ము తుడిచి కాపాడిన దాన్ని ఇక్కడ ముల్లుతో సహా నమిలేస్తున్నారు. నేను ఒక్కొక్కటీ ఎత్తి మీసాలు వెతుకుతుంటే ఆవిడ "సూడకండి బావుగారూ, తినీండి" అంది. తిన్నాను. కొంచెం చేదుంది, బాగుంది.

మూడున్నరకు వాన మొదలైంది. ఉరుమూ లేదు మెరుపూ లేదు, ఒక్కసారి కుమ్మరించింది. ఇద్దరం ఒకే గొడుగు కింద గట్టు మీద కూర్చున్నాం. అరగంటకు కోతలో నీళ్ళు దూకాయి. ఆ తర్వాత వెండి ముక్కలాంటిదొకటి నీళ్ళలోంచి లేచి, గాల్లో ఒక క్షణం ఆగి, మళ్ళీ పడిపోయింది. ఇంకొకటి. ఆ పైన రెండు మూడు కలిసి. రొమ్ము రెక్కలు విప్పి పిచ్చుకల్లా లేస్తున్నాయి. మీసాలు పొట్ట దాకా వేలాడుతున్నాయి, ఒంటి పక్కన నల్లచార తళుక్కుమంటోంది. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయని చెప్పడానికి సిగ్గేమీ లేదు. నేను రోజూ చూసిన చేప పసుపుపచ్చగా, మొద్దుగా, గాజు పలకకు దారంతో కట్టి ఉండేది. ఇది ఎగురుతుందని మేడం చెబుతుంటే వినేవాణ్ణి, తలూపేవాణ్ణి. ఎగరడం అంటే ఇదని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

కుండలో ఏడు పడ్డాయి. అప్పుడు అప్పలనాయుడు నన్ను అడిగాడు, ఇన్ని మైళ్ళు వచ్చిందెందుకని. మనిషి మంచివాడు, వాన పడుతోంది, నేను మొత్తం చెప్పేశాను. డైరీలోంచి చీటీ తీసి చదివి వినిపించాను కూడా.

"సేకరణంటే ఏటి?"

"పట్టినోళ్ళ పేరు."

అప్పలనాయుడు కుండ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "అదేటి బావా, కుండ పాతింది నాను. తడిసింది మనిద్దరం. పేరు ఆ మేడంగారిదా?"

కోపంగా అనలేదు. నవ్వుతూనే అన్నాడు. చీటీ మడిచి డైరీలో పెట్టేశాను.

బయల్దేరేటప్పుడు చేపల్ని ప్లాస్టిక్ డబ్బాలో పోసి, మూతికి తడిగుడ్డ బిగించి ఇచ్చాడు. "గుడ్డ ఇప్పకు బావా. ఇప్పితే ఉండవు" అని రెండుసార్లు చెప్పాడు.

లాడ్జి గదిలో

నేను ముప్ఫై ఏళ్ళు చేపల్ని చూసుకున్నవాణ్ణి. ఏ చేప ఎంత సీసాలో పడుతుందో నన్నడగాలి. గదికి పోగానే డబ్బాలో ఇరుకుగా ఉన్నాయే, గాలాడదేమో అని గుడ్డ విప్పి, బాత్రూం బకెట్టు నిండా నీళ్ళు పట్టి అందులో వదిలేశాను. మూత పెట్టలేదు. పెట్టాలని తోచలేదు. నేను చూసుకున్న చేప ఒక్కటీ ఏనాడూ పెట్టిన చోటు నుంచి కదిలింది కాదు. పని బాగా చేశానన్న తృప్తితో పడుకున్నాను.

పొద్దున బకెట్టులో రెండే ఉన్నాయి. ఒకటి తలుపు దగ్గర, ఒకటి మంచం కింద, ఒకటి నా చెప్పులో. నాలుగోది బాత్రూం తూములోకి పోయినట్టుంది. అయిదోది ఎంత వెతికినా దొరకలేదు, ఆ గదిలో ఇప్పుడు ఎవరు దిగారో పాపం. చెప్పులో దొరికిన దానికి మీసాలు, రెక్కలు అన్నీ చెక్కు చెదరకుండా ఉన్నాయి. వెంట తెచ్చిన ఫార్మలిన్ సీసా తీసి దాన్ని అందులో పెట్టాను. వాసన వరండాలోకి పోయి మేనేజరు తలుపు కొట్టాడు. నేల మీద చేపలు, చేతిలో సీసా, నా వాలకం చూశాడు. ఇంకొకరైతే వెళ్ళగొట్టేవాళ్ళే. "నెత్తళ్ళు బాగున్నాయండి" అని ఒక్క మాట అని, ఫ్యాను వేసి పోయాడు.

సీసా చేతికొచ్చింది, చేప అందులో ఉంది, చీటీ డైరీలో ఉంది. వచ్చిన పని అయిపోయినట్టే. రైలు మర్నాడు. అయినా ఆ రోజంతా అప్పలనాయుడి మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. పట్టింది ఆయన, పాడు చేసింది నేను, పేరు ఇంకొకరిది. పైగా ఆ ఇంకొకరు నాకు చదువు చెప్పిన మనిషి. నా చేత చదివించిన అక్షరాలతోనే ఆవిణ్ణి మోసం చెయ్యబోతున్నాను.

మళ్ళీ దువ్వాడ

ఆదివారం పదకొండున్నరకు మేడం ఇంటి గేటు ముందు నిలబడ్డాను. ఒక చేతిలో ఫార్మలిన్ సీసా, ఒక చేతిలో గుడ్డ కట్టిన డబ్బా, ఈసారి ముడి గట్టిగా వేశాను. మేడం, వాళ్ళ చెల్లెలు అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టున్నారు, ఇంకా బైబిలు చేతిలోనే ఉంది. డెబ్భై దాటాయి, జుట్టు తెల్లబడింది, చూపు మాత్రం అదే.

"ఓబులేసూ, నేను రావాల్సింది నీ దగ్గరికి కదా?"

కూర్చోమన్నా కూర్చోలేదు. "మేడం, మీ సీసా పగలగొట్టినాను. డిసెంబర్లో. ఫోన్లో అబద్ధం చెప్పినాను" అన్నాను. ఒక్క గుక్కలో చెప్పకపోతే మళ్ళీ చెప్పలేనని తెలుసు. పథకం సంగతీ చెప్పి, చీటీ బల్ల మీద పెట్టాను.

ఆవిడ చీటీ చేతిలోకి తీసుకున్నారు. తిడతారనుకున్నాను. ఏడుస్తారేమో అని కూడా భయపడ్డాను. చివరికి "చేప మొత్తం పోయిందా?" అని అడిగారు.

"మొత్తం మేడం."

"హమ్మయ్య" అన్నారు.

లోపలికి పోయి భూతద్దం తెచ్చారు. నా కొత్త సీసాను కిటికీ వెలుగుకు పట్టి, నన్ను పక్కన నిలబెట్టుకుని చూపించారు. "మొప్ప వెనక నుంచి చుక్కల గీత కనిపిస్తోందా? ఎన్ని పొలుసుల దాకా ఉంది?" లెక్కపెట్టాను, అయిదు. ఆ తర్వాత గీత ఆగిపోయింది. "ఇది డాన్రికస్. నా సీసాలో చేపకు ఆ గీత తోక దాకా ఉండేది ఓబులేసూ. అది డాన్రికస్ కాదు, బార్బేటస్. ఇంటిపేరు ఒకటే, మనిషి వేరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, గర్వంగా, సరిగ్గా చూడకుండా రాసేశాను. తప్పని నాకు తెలిసేసరికి పదకొండు బ్యాచ్‌లు ఆ పేరే పరీక్షలో రాసి వెళ్ళిపోయాయి. ఏ మొహంతో మార్చను? ఏటా నిన్ను ఎలా ఉందని అడిగేదాన్నే, అది బాగుందో లేదో తెలుసుకోడానికనుకున్నావా? ఇంకా ఉందా, పోయిందా అని."

ఆవిడ ఆ పాత చీటీని నాలుగు ముక్కలుగా చింపి డస్ట్‌బిన్‌లో వేశారు. తెల్లకాగితం, నల్ల ఇంకు పెన్ను తెచ్చి నా ముందు పెట్టారు.

"రాయి."

"నేనా మేడం?"

"మరి ఎవరు? చేప పేరు రాయి. ఊరు రాయి. సేకరణ దగ్గర పట్టినవాళ్ళ పేరు రాయి."

మా ల్యాబ్‌లో అన్ని సీసాల మీద లెక్చరర్ల పేర్లే ఉంటాయి. నేను తుడిచిన ఏ ఒక్కదాని మీదా తుడిచినవాడి పేరు లేదు, ఉండాలని నేనూ ఎప్పుడూ అనుకోలేదు. పెన్ను పట్టుకున్నాను. ఈసోమస్ డాన్రికస్ అని అక్షరం తప్పు లేకుండా రాశాను. సేకరణ దగ్గర ఆగి, ముందు కె. అప్పలనాయుడు అని, దాని కింద బి. ఓబులేసు అని రాశాను. చీటీ చిన్నది, నా పేరు అంచు దాకా పోయింది. మేడం చదివి, "మొదటి పేరెవరిది?" అన్నారు. చెప్పాను. సరే అన్నట్టు తలూపారు.

బతికున్న రెండింటినీ వాళ్ళ పెరట్లో తామర తొట్టిలో వదిలాం. మేడం తొట్టి మీద దోమతెర పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టారు. ఆ తర్వాత కోడి కూర, కొబ్బరన్నం. నాలుగు రోజుల్లో నేను కడుపు నిండా తిన్నది ఆ పూటే.

అనంతపురం

సీసా ఇప్పుడు రెండో అరలో, కిటికీ పక్కన ఉంది. వచ్చిన రోజే అప్పలనాయుడికి ఫోన్ చేశాను.

"బావా, నీ పేరు సీసా మీద రాసినాను. నీది ముందు, నాది తర్వాత."

"సీసా మీదా?" అన్నాడు. వెనక నీళ్ళ చప్పుడు వినబడుతోంది, పెందుర్తిలో మళ్ళీ వాన పడుతున్నట్టుంది. "మరెవులైనా సదువుతారా?"

"ప్రతి ఏడూ కొత్త పిల్లోళ్ళు వస్తారప్పా. చదివి నోటుబుక్కులో రాసుకుంటారు."

"ఎన్నాళ్ళుంటాది అది?"

"సీసా పగలకపోతే మన మనవళ్ళ దాకా ఉంటాది."

అప్పలనాయుడు ఆలోచించినట్టున్నాడు. ఆ తర్వాత చాలా మర్యాదగా అన్నాడు.

"అయితే బావా, దాన్ని నువ్వు తుడవకు."